మగర్‌మచ్ మౌసీ, ఒక సీసా ఉప్పునీళ్ళు

అది 2023 చలికాలం. జంషెడ్‌పూర్‌లో, కాసిడీహ్‌లో ఒక టైలరు కొట్టు పక్కన నా ట్రావెల్ ఆఫీసు. రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు, గోడ మీద పూరీ, గంగాసాగర్ బొమ్మలు. మా తెలుగువాళ్ళని జట్టుగా పోగేసి, ఊళ్ళు తిప్పి, మళ్ళీ క్షేమంగా వాళ్ళ గుమ్మాల్లో దింపడం నా పని. ఈ పని చేసేవాళ్ళని టూర్ లీడర్ అంటారు. పేరు ఘనంగానే ఉంటుంది గానీ, చేసేది కోడిపిల్లల్ని లెక్కపెట్టుకోవడమే. బండి ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టాలి. ఆ లెక్కకి హెడ్‌కౌంట్ అని మా వాళ్ళు పెట్టుకున్న పేరు.

ఇంకో మాట సైటింగ్. అడవికి వెళ్ళినప్పుడు జంతువు కంటపడటాన్ని సైటింగ్ అంటాం. ఈ పనిలోకి వచ్చిన ప్రతివాళ్ళూ మొదట నేర్చుకునే పాఠం ఒకటుంది. సైటింగ్‌కి ఎప్పుడూ మాట ఇవ్వకూడదు. పులి మన జీతగాడు కాదు, రమ్మంటే రావడానికి. నేనూ ఇవ్వను. కానీ ఆ చలికాలం గౌరమ్మ పిన్నికి వేరే మాట ఒకటి ఇచ్చాను. దాని కోసం బోటులో ఉన్న జనమందరితోనూ తగువు పడ్డాను. మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే మళ్ళీ పడతాను.

గౌరమ్మ పిన్ని నాకు చుట్టం కాదు. మా ఊళ్ళోనే మాంగో అనే పేట బజారులో ఎండుచేపలు అమ్ముతుంది. మా అమ్మ గోల్‌మురి క్వార్టర్లలో ఉన్నప్పటినుంచీ ఆమె దగ్గరే నెత్తళ్ళు కొనేది కాబట్టి పిన్ని అయింది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. నోరు మాత్రం ఇరవైలో ఆగిపోయింది. ఒకరోజు ఆఫీసుకి వచ్చి కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"పద్మా, మొసళ్ళని సూపించడానికి బస్సేత్తన్నావట?"

"అవును పిన్నీ. ఒడిశాలో భితర్‌కనిక అని, మడ అడవుల దీవులు. రోజంతా బోటు మీదే తిరుగుతాం. వత్తావేటి?"

"వత్తాను గానీ, సముద్రం తగిలే సోటుకి తీసుకెళ్తావా?"

"మొసళ్ళు లోపలి కాలవల్లోనే కనిపిత్తాయి పిన్నీ. సముద్రం దాకా ఎందుకు?"

"కాలవలో మొసలి నాకొద్దు. కాలవలో ఉంటాదని అందరికీ తెలుసు. నాకు సముద్రంలో మొసలి గావాల."

ఎందుకో నాకు తెలుసు. మాంగో బజారు మొత్తానికి తెలుసు. గౌరమ్మ తాత పోలయ్య ఇచ్ఛాపురం దగ్గరి పల్లెవాడు. జట్టుతో ఒడిశా తీరానికి వలసవెళ్ళి వేట చేసేవాడు. ఏరు సముద్రంలో కలిసే చోట, నడుం లోతు నీళ్ళలో నిలబడి వల లాగుతుంటే మొసలి కాలు పట్టుకుంది. మోకాలి కింద పోయింది. ఒంటికాలితో పడవ ఎక్కలేక, జంషెడ్‌పూర్ కార్ఖానాలో ఖలాసీగా ఉన్న బావమరిది పంచన చేరాడు. ఆయన పెళ్ళాం ఎండుచేపల గంప ఎత్తుకుంది. ఆ గంప చేతులు మారుతూ గౌరమ్మ దాకా వచ్చింది.

ఇది ఆ ఇంటి కథ. బజారు కథ వేరు. టిక్కెట్టు లేకుండా రైలెక్కాడనీ, టీటీని చూసి దూకాడనీ, చక్రాల కింద కాలు పోతే పరువు కోసం మొసలిని కల్పించాడనీ బజారు చెబుతుంది. గౌరమ్మ పక్క కొట్టులో అల్లం, వెల్లుల్లి అమ్మే రాంబిలాస్ అయితే రోజూ బోణీ కంటే ముందు ఆమెని ఒకసారి గిల్లేవాడు. "అరే మౌసీ, సమందర్ మే మగర్‌మచ్ కహాఁ సే ఆయా? మగర్‌మచ్ తో నదీ మే హోతా హై!" సముద్రంలో మొసలి ఎక్కడినుంచి వచ్చిందే, మొసలి ఉండేది నదిలో కదా అని. అలా అలా ఆమె పేరే మగర్‌మచ్ మౌసీ, అంటే మొసలి పిన్ని, అయిపోయింది. చిన్నప్పుడు ఆటల్లో వెక్కిరించారు, పెళ్ళిలో వెక్కిరించారు, ఇప్పుడు బేరాల్లో వెక్కిరిస్తున్నారు. చివరికి సొంత మనవళ్ళు కూడా "నానీ, వో ట్రైన్ హీ థీ", అది రైలేలే అమ్మమ్మా, అని నవ్వుతారు. బజారంతటినీ తిరగబడి తిట్టే మనిషి మనవళ్ళ దగ్గర మాత్రం లేచి వెళ్ళిపోయేదట.

"నాను పోతే ఆ మాట అబద్దంగానే ఉండిపోద్దే, పద్మా. మా తాత దొంగటిక్కెట్టు మనిసిగానే మిగిలిపోతాడు" అంది ఆరోజు.

"మొసలి కనిపిత్తాదని సెప్పలేను పిన్నీ. ఆ సోటు దాకా మాత్రం తీసుకెళ్తాను."

"మాటేనా?"

"మాటే."

బస్సులోనే గొడవ మొదలైంది. మా గ్రూపులో మూర్తి గారని ఒక రిటైర్డు ఆఫీసరు ఉన్నారు. భార్య సరోజిని గారితో వచ్చారు. మెడలో పెద్ద కెమెరా, తలమీద టోపీ, ప్రతి విషయం మీదా అభిప్రాయం. గౌరమ్మ దారిలో తినడానికి వేయించిన నెత్తళ్ళ డబ్బా మూత తీసింది. ఆ వాసన ముందు సీటు దాకా నడిచి వెళ్ళింది.

"పద్మ గారూ, మేం ఎక్కింది టూరిస్టు బస్సా, చేపల మార్కెట్టా?" అన్నారు మూర్తి గారు, వెనక్కి తిరక్కుండానే.

నేను నోరు తెరిచేలోపే జవాబు వెళ్ళిపోయింది. "బాబూ, మాంగోలో ఈ వాసనకి డబ్బులిత్తారు. మీకు ఊరికే వత్తంది, పీల్సుకోండి."

బస్సంతా నవ్వింది. మూర్తి గారు నవ్వలేదు. ఆ నవ్వు ఆయన మనసులో దాచుకున్నారని మర్నాడు బోటులో తెలిసింది.

మర్నాడు ఉదయం పొగమంచులో లాంచీ ఎక్కాం. మా సరంగు, అంటే బోటు నడిపే ఆయన, నిరంజన్ అనే ఒడియా మనిషి. మాటలు తక్కువ. ఎక్కగానే హిందీలో మూడు సంగతులు చెప్పాడు. అరవకండి, తిండి విసరకండి, చెయ్యి నీళ్ళలో పెట్టకండి. మూడోది చెబుతున్నప్పుడు తన చేతిని వెనక్కి లాక్కుని చూపించాడు. దాంతో అందరూ బుద్ధిగా మధ్యకి జరిగి కూర్చున్నారు.

అప్పుడు సముద్రం పోటు మీద ఉంది. సముద్రం నీళ్ళు కాలవల్లోకి ఎక్కి, బురద గట్లన్నీ ములిగి, చెట్ల మొదళ్ళ దాకా వచ్చేశాయి. మొసలి చలికాలంలో ఎండ కాచుకోవాలంటే బురద గట్టు కావాలి. గట్టే లేకపోతే అదెక్కడ పడుకుంటుంది? అందుకని ఉదయమంతా మొసలి లేదు. మిగతావన్నీ ఉన్నాయి. కొమ్మ మీదినుంచి నీలం మెరుపులా నీళ్ళలోకి దూకిన లకుముకి పిట్టలు, మడచెట్ల ఆకులు అందుకోవడానికి వెనక కాళ్ళ మీద లేచిన చుక్కల దుప్పి, మనిషంత పొడవున ఈదుకుంటూ పోయిన ఉడుము. నేను ఎన్నిసార్లు వెళ్ళినా ఆ దీవుల్లో నాకు గొంతు తగ్గిపోతుంది. మనం అక్కడ అక్కర్లేని వాళ్ళం అన్న సంగతి బాగా తెలుస్తుంది. నాకది ఇష్టం.

గౌరమ్మ మాత్రం పిట్టల్ని పట్టించుకోలేదు. వెళ్ళి సరంగు పక్కన కూర్చుని, వచ్చీరాని ఒడియాలో ఒకటే ప్రశ్న. "పాణి లుణి కి?" నీళ్ళు ఉప్పగా ఉన్నాయా అని. "ఇంకా ముందుకెళ్తే ఇంకా ఉప్పు" అని ఆయన చేత్తో దూరంగా చూపించేవాడు.

మధ్యాహ్నానికి ఆటు మొదలైంది. నీళ్ళు దిగుతున్నకొద్దీ బురద బయటపడింది. ఒక మలుపు తిరగ్గానే నిరంజన్ ఇంజన్ ఆపేసి వేలు చూపించాడు. గట్టు మీద ఉంది. మా లాంచీలో సగం ఉంటుంది. నోరు తెరిచి, కళ్ళు మూసుకుని, ప్రపంచంతో ఏమీ పని లేనట్టు పడుకుంది. కెమెరాలు టకటకా మోగాయి. మూర్తి గారి ముఖం వెలిగిపోయింది. నాకూ గుండెలమీంచి బరువు దిగింది. సైటింగ్ అయిపోతే టూర్ లీడరుకి ఆ పూట పండగే.

"చూశావా పిన్నీ?" అన్నాను.

"సూసినాను. బాగున్నాది." మళ్ళీ ముందుకి తిరిగి కూర్చుంది. "ఇది ఏరు. ఎల్దాం పద."

అక్కడే పేచీ. మామూలుగా అక్కడినుంచి బోటు తిప్పేస్తాం. వెనక్కి వెళ్ళి భోజనం, తర్వాత అడవిలో నడక, పక్షులు చూసే టవరు. ఏటి ముఖం దాకా పోతే ఆ సాయంత్రం నడకా టవరూ పోయినట్టే. నేను నిరంజన్‌ని అడిగాను. ఆటు కలిసొస్తోంది, వెళ్ళొచ్చు, కానీ చీకటి పడేలోపు అటవీశాఖ గేటు దాటాలి, అక్కడ ఎక్కువసేపు ఆగడం కుదరదు అన్నాడు. సరే, పోనివ్వమన్నాను.

మూర్తి గారు లేచి నిలబడ్డారు. "ఎక్కడికండీ పోనిచ్చేది? చూడాల్సింది చూసేశాం కదా?"

"గౌరమ్మ గారికి నదీముఖం చూపిస్తానని మాటిచ్చానండీ. టవరు రేపు పొద్దున్న బస్సెక్కే ముందు చూపిస్తాను."

"ఒక్కరి కోసం అందరం ఆకలితో కూర్చోవాలా? ఓటింగ్ పెట్టండి. మెజారిటీ ఎటంటే అటు."

చేతులు లేచాయి. నేను లెక్కపెట్టక్కర్లేకపోయింది. గౌరమ్మ, సరోజిని గారు తప్ప అందరివీ లేచాయి. సరోజిని గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళకేసి చూస్తున్నారు.

మా వృత్తిలో ఒక సూత్రం ఉంది. గ్రూపులో ఒక్కరి కోసం ప్రోగ్రాం మార్చకూడదు. అది మంచి సూత్రమే. నేనే కొత్తవాళ్ళకి నేర్పుతాను. కానీ మాట ఇచ్చినప్పుడు నేను మెజారిటీని అడిగి ఇవ్వలేదు. పది మంది చేతులెత్తితే నా మాట నీళ్ళలో కలిసిపోతుందా? ఆ ముసలామె బతుకంతా మెజారిటీ చేతిలోనే వెక్కిరింపు పడింది. ఇంతదూరం వచ్చి, ఇక్కడ కూడా చేతులెత్తి ఆమె తాతని రైలు కిందకి తోస్తామా? నాకు ఒళ్ళు మండింది.

"మూర్తి గారూ, ఇది ఎలక్షన్ కాదు. ఈ బోటుకి నేను జవాబుదారీ. బిస్కెట్లున్నాయి, అరటిపళ్ళున్నాయి, ఆకలికి ఎవరూ పోరు. కంప్లెయింటు ఇవ్వాలనుకుంటే ఆఫీసు నాదే, నాకే ఇవ్వండి. నిరంజన్ భాయ్, ఆగే చలో."

బోటు కదిలింది. గౌరమ్మ నెత్తళ్ళ డబ్బా తీసి అందరి ముందూ పెట్టింది. మొదట చెయ్యి పెట్టింది సరోజిని గారు.

ఏటి ముఖం దగ్గర లోకం ఒక్కసారిగా తెరుచుకుంది. మడ అడవి వెనకపడిపోయింది. ముందు ఒక ఇసుక దీవి, దాని అవతల తెల్లటి నురగ గీత, ఆపైన అంతా సముద్రం. గాలికి లాంచీ ఊగింది. ఇద్దరు వాంతులు చేసుకున్నారు. ఇసుక మీద పీతలు ఎర్రటి దుప్పటి కదిలినట్టు కదిలాయి. కొంగలు ఉన్నాయి. మొసలి లేదు.

ఆగాం. దీవి చుట్టూ ఒక పక్క చూశాం, రెండో పక్క చూశాం. నిరంజన్ ఎండకేసి చూసి నాకేసి చూశాడు. బస్సులో ఎవరి నోటో బజారు కథ విన్న మూర్తి గారు కెమెరా సంచిలో పెట్టేసుకుని, అందరికీ వినపడేలా అన్నారు. "వాళ్ళ తాత గారిని పట్టుకున్న రైలు ఇవాళ లేటనుకుంటా."

కొందరు నవ్వారు. నేను గౌరమ్మ ఏదో ఒకటి అంటుందని చూశాను. ఆమె పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకొక్కదానికే వినపడేలా అంది. "రైలేనేమో పద్మా. అంతమంది అంటే... రైలేనేమో."

ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆమెను ఇంతదూరం తెచ్చి, దగ్గరుండి ఆమె చేత ఆ మాట అనిపించింది నేనే కదా అనిపించింది.

"ఇంకొంచెం సేపు, భాయ్" అన్నాను నిరంజన్‌తో. ఆయన తల అడ్డంగా ఊపి, బోటు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతూ తిప్పుతూ మధ్యలో ఆగిపోయాడు. నురగ గీతకేసి చూశాడు. "వో లకడీ నహీఁ హై" అన్నాడు. అది దుంగ కాదు.

నిజంగా దుంగలాగే ఉంది. అల వచ్చినప్పుడు ములిగింది, అల పోయాక తేలింది. కానీ దుంగ అలతో పాటు ఒడ్డుకి కొట్టుకొస్తుంది. ఇది అలకి అడ్డంగా, తీరిగ్గా, దీవి కొస దాటి సముద్రంలోకి పోతోంది. ఒకసారి తల పైకెత్తింది. తల వెనక వీపు, వీపు వెనక రంపంలాంటి తోక. సముద్రంలో మొసలి.

గౌరమ్మ లేచి నిలబడింది. ఊగే లాంచీలో కమ్మీ పట్టుకుని, అరవకూడదన్న సూత్రం తుంగలో తొక్కి, గొంతెత్తి అరిచింది.

"ఒరే! ఒరే దొంగముండాకొడకా! మా తాత కాలు తిన్నది మీ తాతేనేటిరా! ఇన్నాళ్ళూ ఎక్కడ సచ్చినావురా! నీ మూలాన్ని మా ఇంటిల్లిపాదీ అబద్దాలకోరులం అయిపోనాం కదరా!"

మొసలి పట్టించుకోలేదు. ములిగిపోయింది. ఆమె మాత్రం అది ములిగిన చోటుని చాలాసేపు తిట్టింది. తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నిరంజన్ ఆమెని ఆపలేదు.

అప్పుడు బాల్చీ అడిగింది. బోటు కడిగే బాల్చీకి తాడు ఉంటుంది. నిరంజన్ తాడు వదిలి నీళ్ళు తోడి ఇచ్చాడు. గౌరమ్మ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. నా నోట్లో ఒక చుక్క వేసింది. తర్వాత బాల్చీ ఎత్తుకుని నేరుగా మూర్తి గారి ముందు పెట్టింది.

"బాబూ, ఓ సుక్క నోట్లో ఏసుకోండి. ఏరో సముద్రమో మీరే సెప్పండి."

ఆయన ముఖం తిప్పుకున్నారు. "సముద్రంలో మొసలి ఉంటుందని తేలింది, ఒప్పుకుంటాను. మీ తాత గారి కాలు తిన్నది అదేనని తేలలేదు కదమ్మా."

గౌరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "కాలు నాను తెచ్చి సూపించలేను బాబూ. ఉండదన్నారు. ఉన్నాది. సాలు."

సరోజిని గారు వంగి బాల్చీలో వేలు ముంచారు. నోట్లో పెట్టుకుని, భర్తకేసి చూడకుండా అన్నారు. "ఉప్పేనండీ. సముద్రమే."

ఆ తర్వాత గౌరమ్మ తన మంచినీళ్ళ సీసా ఖాళీ చేసి, బాల్చీలో నీళ్ళు దాని నిండా పోసి, మూత బిగించి, కొంగులో చుట్టుకుంది. ఫొటో తీసిస్తాను పిన్నీ అని నేను ఫోను చూపిస్తే కొట్టిపారేసింది. "ఫొటోలో నీళ్ళన్నీ ఒకేలా ఉంటాయి. ఫొటో సూపిత్తే ఏ నదిలో తీసినావో అంటాడు రాంబిలాసు."

చీకటి పడేవేళకి గేటు దాటాం. హెడ్‌కౌంట్ సరిపోయింది. మర్నాడు టవరు చూపించాను. అయినా మూర్తి గారు ఊరికి వచ్చాక నాకు ఇంటర్నెట్‌లో ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి, 'ఈ టూర్ లీడరుకి ప్రయాణికుల అభిప్రాయం అంటే లెక్కలేదు' అని రాశారు. ఆయన మాట పట్టుకుని వాళ్ళ వీధివాళ్ళు రెండేళ్ళు నా బస్సు ఎక్కలేదు. నష్టం నిజమే. నేను దానికి జవాబు రాయలేదు. ఆయన రాసింది అబద్ధం కాదు. ఆ ఒక్క సాయంత్రం నేను నిజంగానే లెక్కచెయ్యలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. జనం జంతువుని చూడటానికి వస్తారని మేం అనుకుంటాం. చాలామంది అందుకే వస్తారు. కానీ ఏ ఒక్కరో, ఇంట్లోనో బజారులోనో తమ మాట చెల్లక వస్తారు. ఇప్పుడు బుకింగ్‌కి వచ్చిన ప్రతివాళ్ళనీ 'ఏం చూడాలి' అనే కాదు, 'ఎందుకు' అని కూడా అడుగుతాను. ఆ ఎందుకు గట్టిగా ఉంటే మిగతా బోటంతా చేతులెత్తినా సరే.

మొన్న మాంగో వెళ్ళాను, నెత్తళ్ళకి. గౌరమ్మ కొట్టులో తక్కెడ పక్కన ఆ సీసా ఉంది. సగానికి పైగా ఖాళీ. నేను నిలబడి ఉండగానే ఎవరో కొత్త బేరగాడు వచ్చి, "మౌసీ, సునా హై సమందర్ మే మగర్‌మచ్..." అని నవ్వబోయాడు. ఆమె సీసా మూతలో నాలుగు చుక్కలు పోసి అతని ముందుకి జరిపింది. పక్క కొట్టులోంచి రాంబిలాసే అన్నాడు. "పీ లే భాయ్, పీ లే. హమ్ భీ పియే థే." తాగెయ్ బాబూ, మేమూ తాగాం అని.

అతను నాలిక మీద పెట్టుకుని ముఖం వికారంగా పెట్టాడు.

"ఏటి?" అంది గౌరమ్మ.

"నమక్" అన్నాడతను. ఉప్పు అని.

"మరి?"

అతను చేపలు తూయించుకుని వెళ్ళిపోయాడు. నేను సీసాకేసి చూసి నవ్వుతూ అన్నాను. "నీళ్ళు అయిపోవచ్చినాయి కదా పిన్నీ. అయిపోతే ఏం చేత్తావు? కుళాయి నీళ్ళలో ఉప్పు కలుపుతావేటి?"

గౌరమ్మ నన్ను అచ్చం ఆ మొసలిని చూసినట్టే చూసింది.

"మా ఇంట అబద్దం లేదే. మళ్ళీ ఎల్లి తెత్తాను. సీటు రాసుకో."